చంకలో బిడ్డ – తల్లి నడుము
(చదువు కేంద్రంలో తల్లుల కోసం చేసిన ప్రసంగం)



తెల్లారి పలాస – కాశీబుగ్గ రోడ్డు మీద ఒక్క ఘడియ నిలబడితే చాలు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు జీడిపప్పు పనికి వస్తూ కనిపిస్తారు. ఒక చేతిలో అన్నం కేరేజీ. ఇంకో పక్క చంకలో బిడ్డ. పాలు తాగే బిడ్డ. ఇంట్లో ఒగ్గేసి రావడానికి లేదు. పెనిమిటి గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వేట పనికి పోయి ఉంటాడు. ఇంట్లో పెద్దదిక్కు ఉంటే ఉంటుంది. ఆ పెద్దదిక్కుకే కిడ్నీ జబ్బయితే, ఆమెను డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళాలి. ఉద్దానంలో ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు.

అందుకే బిడ్డ తల్లితోనే తిరుగుతుంది. పనికి, సంతకు, ఆసుపత్రికి, టెక్కలి బస్సుకు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లికి నడుము పట్టేస్తుంది. చెయ్యి తిమ్మిరెక్కుతుంది. "పిల్లల తల్లికి నడుం నొప్పి రాకుండా ఉంటాదా" అని అందరూ అంటారు. ఆమె కూడా అదే అనుకుంటుంది. ఆ మాట నిజమేనా? బిడ్డను మోసే తీరు మార్చితే ఆ నొప్పి తగ్గదా?

ఒక ఇంట్లో జరిగినట్టు అనుకుందాం. విశాఖపట్నంలో పనిచేసే తమ్ముడు అక్కకు ఒక సంచి తెచ్చాడు. బిడ్డను కూర్చోబెట్టి ఒంటికి కట్టుకునే సంచి. రెండు భుజాల మీదికి రెండు పట్టీలు. మంచి రంగు. కోడలు మూడు నెలల గుంటడిని అందులో వేసి, ముఖం బయటికి పెట్టి కట్టుకుంది. అత్త చూసింది.

"ఓలమ్మా, గుంటడి కాళ్ళు అలాగ యాలాడుతున్నాయేటే? ఉట్టికి కట్టిన కుండలాగున్నాడు."

"మరేటి చెయ్యమంటావత్తా? సంకనేసుకుని నడవలేకపోతన్నాను. నడుం ఇరిగిపోతంది."

"మా కాలంలో ఏ సంచులున్నాయి? సంకనెత్తుకున్నాం, పెంచేం. కాపోతే మరీ చిన్నప్పుడే సంకనేస్తే దొడ్డికాళ్ళొస్తాయి. కాళ్ళు చాపి, గుడ్డతో గట్టిగా చుట్టి పడుకోబెట్టాల. అప్పుడు తిన్నగా వస్తాయి."

ఇద్దరిలో ఎవరి మాట ఒప్పు? సంచిలో కాళ్ళు వేలాడటం మంచిది కాదు. ఆ మాట అత్త సరిగానే చెప్పింది. చంకనేస్తే దొడ్డికాళ్ళొస్తాయన్నది మాత్రం తప్పు. కాళ్ళు చాపి చుట్టాలన్నది ఇంకా పెద్ద తప్పు. కోడలి నడుము నొప్పి నిజం. ఆ నొప్పికి ఆమె తెచ్చుకున్న మందు మాత్రం సరైనది కాదు.

ఎందుకో చూద్దాం.

బిడ్డ తొడ ఎముక పైకొన బంతిలా గుండ్రంగా ఉంటుంది. తుంటి ఎముకలో చిన్న గిన్నెలాంటి గుంట ఉంటుంది. బంతి గిన్నెలో కూర్చుంటే అదే తుంటి కీలు. మనిషి నిలబడినా, నడిచినా, కూర్చున్నా ఆ కీలు మీదే. పుట్టిన బిడ్డకు ఆ గిన్నె ఇంకా గట్టిపడి ఉండదు. లేత బొండాంలో చిప్ప ఎలా ఉంటుంది? వేలితో నొక్కితే లొంగుతుంది. ముదిరిన కాయలో అదే చిప్ప కత్తికి కూడా లొంగదు. బిడ్డ తుంటి మొదటి నెలల్లో లేత బొండాం చిప్పలాంటిది. బంతి గిన్నె మధ్యలో కుదురుగా ఉంటే, దాని చుట్టూ గిన్నె గుండ్రంగా గట్టిపడుతుంది. బంతి అంచుకు జారితే గిన్నె లోతు తక్కువగా పెరుగుతుంది. అలాంటి బిడ్డ నడక వచ్చాక కుంటుతుంది. పెద్దయ్యాక తుంటి నొప్పి పడుతుంది.

బంతి గిన్నెలో కుదురుగా ఎప్పుడు కూర్చుంటుంది? మోకాళ్ళు మడిచి పైకి ఉన్నప్పుడు, తొడలు రెండు పక్కలకు విడిగా ఉన్నప్పుడు. కప్ప కూర్చున్నట్టు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కాళ్ళు ముడుచుకునే ఉంటుంది. పుట్టాక కొన్ని నెలలు అలాగే ముడుచుకుంటుంది. తల్లి చంకనెత్తుకుంటే బిడ్డ రెండు కాళ్ళూ తల్లి నడుముకు అటొకటి ఇటొకటి వేస్తుంది. అదే సరైన కూర్పు. మన అవ్వలు ఏ డాక్టరూ చెప్పకుండానే ఆ పని చేశారు. మందస కొండల్లో సవర తల్లులు బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకుని పనిచేసుకుంటారు. కాళ్ళు విడిగా, తల్లి ఒంటిని కరుచుకుని ఉన్న బిడ్డ తుంటికి భయం లేదు.

మరి దొడ్డికాళ్ళు? చిన్నబిడ్డల కాళ్ళు కొంచెం వంకరగానే ఉంటాయి. చంకనేసినా, వెయ్యకపోయినా ఉంటాయి. నడక వచ్చి, రెండేళ్ళు దాటేసరికి వాటంతట అవే తిన్ననవుతాయి. రెండేళ్ళు దాటినా వంకర అలాగే ఉంటే, పెరుగుతూ ఉంటే, అప్పుడు డాక్టరుకు చూపించాలి. గుడ్డతో చుడితే తిన్ననవవు. నూనె రాసి, కాళ్ళు పట్టుకుని చాపి లాగితే కూడా తిన్ననవవు.

ఈ కాళ్ళు చుట్టే అలవాటు మన దేశంలోనే కాదు, చాలా దేశాల్లో ఉంది. జపాను దేశంలో కూడా ఉండేది. పసిబిడ్డల కాళ్ళు చాపి ఉంచేలా గుడ్డలు గట్టిగా చుట్టేవారు. అక్కడ తుంటి జారిన బిడ్డలు ఎక్కువగా ఉండేవారు. 1975 ప్రాంతంలో అక్కడి డాక్టర్లు దేశమంతా ఒక ప్రచారం మొదలుపెట్టారు. "బిడ్డ కాళ్ళు చాపి చుట్టవద్దు, ముడుచుకోనివ్వండి" అని. ముఖ్యంగా ఎవరికి చెప్పారో తెలుసా? అవ్వలకు. బిడ్డకు ఎలా చుట్టాలో ఇంట్లో తేల్చేది అవ్వే కదా! అవ్వలు విన్నారు. ఆ తరువాత తుంటి జారే బిడ్డల సంఖ్య ఎంతో తగ్గిపోయింది. సూది లేదు, మందు లేదు. గుడ్డ చుట్టే తీరు మారింది, అంతే. కోడళ్ళకు మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆ పని జరిగేదా అన్నది అనుమానమే. అందుకే ఈ ప్రసంగానికి అత్తలను కూడా పిలిచారు.

కొందరు బిడ్డలకు పుట్టుకతోనే తుంటి జారి ఉంటుంది. గుడ్డ మార్చేటప్పుడు తల్లే గమనించవచ్చు. ఒక తొడ రెండోదాని లాగా పక్కకు విడివడదు. ఒక కాలు పొట్టిగా కనిపిస్తుంది. తొడ మడతలు రెండు పక్కలా ఒకేలా ఉండవు. మడతలు తేడాగా ఉన్నంత మాత్రాన జబ్బని కాదు. చూపించుకోవాలి, అంతే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బిడ్డలకు చూడవలసిన లోపాల్లో ఇది కూడా ఉంది. ఆశా కార్యకర్తకు గానీ, ఏ.ఎన్.ఎం.కు గానీ చెప్పాలి. మొదటి నెలల్లో తెలిస్తే పట్టీతో సరిచేస్తారు. నడక వచ్చాక తెలిస్తే ఆపరేషను దాకా పోవచ్చు.

ఇంక రెండో సంగతి. తుంటి కంటే తొందరైనది. ఊపిరి.

బొప్పాయి ఆకు కాడ పట్టుకుని ఊదితే గాలి అటునుంచి వస్తుంది. కాడను మధ్యలో వంచి ఊదితే? రాదు. పసిబిడ్డ ఊపిరి గొట్టం అలాంటిదే. మెత్తగా, సన్నగా ఉంటుంది. గడ్డం రొమ్ముకు అంటుకుపోతే గొట్టం వంగుతుంది. మెడ నిలవని బిడ్డ తల ఎత్తుకోలేదు. ఏడవను కూడా ఏడవదు. నిద్రపోతోందని తల్లి అనుకుంటుంది.

అమెరికాలో సరుకుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 2010లో ఒక హెచ్చరిక ఇచ్చింది. బిడ్డను పడుకోబెట్టి భుజానికి వేసుకునే జోలె సంచుల వల్ల, అంతకు ముందు 20 ఏళ్ళలో కనీసం 14 మంది పసివాళ్ళ చావులు తమ దృష్టికి వచ్చాయని చెప్పింది. వారిలో 12 మందికి నాలుగు నెలలు కూడా నిండలేదు. ఆ సంచులు కొన్నవారు డబ్బు తక్కువై కొన్నవారు కారు. బిడ్డ మీద ప్రేమ తక్కువై కూడా కాదు. సంచి అడుగున బిడ్డ మూటలా ముడుచుకుపోతే ఏమవుతుందో వారికి తెలియదు.

కాబట్టి సంచి అయినా, చీర అయినా బిడ్డ ముఖం ఎప్పుడూ తల్లి కళ్ళకు కనిపించాలి. గుడ్డ ముఖం మీద పడకూడదు. బిడ్డ గడ్డం కింద తల్లి రెండు వేళ్ళు పట్టేంత సందు ఉండాలి. తల్లి తల వంచితే బిడ్డ నెత్తి మీద ముద్దు పెట్టగలగాలి. అంత ఎత్తున కట్టుకోవాలి. పొట్ట మీదికి జారిపోయేలా కట్టకూడదు. నాలుగైదు నెలలలోపు బిడ్డను నిలువుగా, ముఖం తల్లి రొమ్ము వైపు ఉండేలా, తల ఒక పక్కకు తిరిగి ఉండేలా కట్టుకోవాలి. పాలు తాగించడానికి కిందికి దింపితే, తాగాక మళ్ళీ పైకి తేవాలి. ఎండకని చీర కొంగు బిడ్డ ముఖం మీద కప్పేస్తారు. అది వద్దు. గొడుగు పట్టుకోవాలి, లేదా నీడన నడవాలి. ఉద్దానం ఉక్కపోతలో తల్లి ఒంటి వేడి, గుడ్డ వేడి కలిసి బిడ్డ ఉడికిపోతుంది. మధ్య మధ్య విప్పి గాలి తగలనివ్వాలి. పాలు పట్టాలి. తల్లి నీళ్ళు తాగాలి.

ఇప్పుడు కోడలి నడుము దగ్గరికి వద్దాం.

కావిడి మోసేవాణ్ణి అందరూ చూసే ఉంటారు. కొబ్బరికాయలు రెండు బుట్టల్లోనూ సమంగా సర్దుకుంటాడు. ఒక పక్కే వేస్తే నాలుగడుగులు కూడా నడవలేడు. చంకలో బిడ్డ ఒక పక్క కావిడి. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఐదు నెలలకు సుమారు 6 కిలోలవుతుంది. ఏడాదికి 9 కిలోలవుతుంది. అంత బరువు ఒక పక్కే ఉంటే తల్లి తుంటిని పక్కకు తోసి నిలబడుతుంది. వెన్ను వంకరవుతుంది. ఆ చెయ్యి బిడ్డను పట్టుకునే ఉండాలి. ఒక్క చేత్తోనే బస్సు ఎక్కాలి, సంచీ మొయ్యాలి. బరువు ఒంటికి దూరంగా జరిగేకొద్దీ ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. బిందెడు నీళ్ళు నడుముకు ఆనించి మొయ్యవచ్చు. అదే బిందెను చెయ్యి చాపి మొయ్యమంటే ఎవరి తరం?

కాన్పు అయిన కొత్తలో కడుపు కండరాలు వదులై ఉంటాయి. వెన్నుకు కాపు ఉండదు. ఆపరేషను కాన్పయితే కుట్ల మీద పట్టీ ఒత్తకూడదు. ఎప్పటి నుంచి కట్టుకోవచ్చో డాక్టరమ్మను అడగాలి.

మంచి కట్టు ఎలా ఉంటుందంటే, బరువు రెండు భుజాల మీద, నడుము చుట్టూ పంచుకుపోతుంది. బిడ్డ తల్లి ఒంటికి అంటుకుని ఉంటుంది. రెండు చేతులూ ఖాళీ అవుతాయి. చంకనే ఎత్తుకునే తల్లి అయితే పక్క మార్చుకుంటూ ఉండాలి. కుడి పక్క ఎత్తుకోవడం మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. వారం రోజుల్లో అలవాటవుతుంది.

కొనాలా? పాత చీర చాలా? చాలామంది అడిగే ప్రశ్న ఇదే. పాత నూలు చీర ఖరీదైన సంచి చేసే పనులన్నీ చేస్తుంది, సరిగ్గా కట్టడం వస్తే. కట్టడం రాకపోతే కొన్న సంచి మేలు. డబ్బులున్నాయని కొనడం, లేవని సిగ్గుపడటం, రెండూ అక్కర్లేదు.

కొనేవారు కాశీబుగ్గలో కొన్నా, టెక్కలిలో కొన్నా, బిడ్డను తీసుకునే దుకాణానికి వెళ్ళాలి. రంగు చూడకూడదు. అట్టపెట్టె మీది బొమ్మ చూడకూడదు. బిడ్డను కూర్చోబెట్టి చూడాలి. కూర్చునే గుడ్డ ఒక మోకాలి గుంట నుంచి రెండో మోకాలి గుంట దాకా తొడలకు ఆనుతోందా? మోకాళ్ళు పిరుదుల కంటే కొంచెం పైకి ఉన్నాయా? తొడల మధ్య సన్నటి పట్టీ మాత్రమే ఉండి కాళ్ళు వేలాడితే అది వద్దు. తమ్ముడు తెచ్చిన సంచి సరిగ్గా అలాంటిదే. కొంచెం పొడవుగా మడిచిన తువ్వాలును తొడల కింద వేసి, రెండు మోకాళ్ళ దాకా ఆనేలా చేస్తే కొంత సరిపోతుంది. ముఖం బయటికి పెట్టడం మాత్రం మెడ గట్టిగా నిలిచేదాకా వద్దు. నిలిచాక కూడా కాసేపే.

నడుముకు వెడల్పు పట్టీ ఉన్న సంచి తల్లికి సుఖం. భుజం పట్టీలు సన్నగా ఉంటే కోసుకుపోతాయి. బక్కిలు వేసి, విప్పి, గట్టిగా లాగి చూడాలి. కుట్లు తిరగేసి చూడాలి. ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల దాకా అని సంచి మీద రాసి ఉంటుంది. చదువు వచ్చింది కదా, చదివి చూడాలి. రాసి లేకపోతే దుకాణదారును అడగాలి. ఆయనకూ తెలియకపోతే ఆ సంచి అక్కడే ఒగ్గేయాలి. వీపు మీద కట్టుకోవడం బిడ్డ తనంతట తాను కూర్చోవడం వచ్చాకే.

కట్టుకున్నాక చెయ్యకూడని పనులు కొన్ని ఉన్నాయి. పొయ్యి దగ్గర వంట వద్దు. కాగిన గంజి వార్చడం వద్దు. వంగాలంటే నడుము వంచకూడదు, మోకాళ్ళు వంచి కూర్చోవాలి. నడుము వంచితే బిడ్డ పైనుంచి జారుతుంది. కట్టుకుని నిద్రపోకూడదు.

జీడి పిక్క కొట్టే చోట బిడ్డను ఒంటికి కట్టుకోనేకూడదు. పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. తల్లుల వేళ్ళే చెబుతాయి ఆ సంగతి. ఆ చేతితో బిడ్డ ముఖం ముట్టుకుంటే? పిక్కలు కాల్చే పొగ కూడా బిడ్డకు మంచిది కాదు. సంచి దారిలో పనికొస్తుంది. పనిచోట బిడ్డకు వేరే చోటు కావాలి. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు. 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల గది ఉండాలని, తల్లి రోజుకు 4 సార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని అందులో రాశారు. 2020 నాటి సామాజిక భద్రత చట్టంలోనూ ఆ మాట ఉంది. చిన్న చిన్న బట్టీల్లో అంతమంది ఉండరు. అక్కడ పనిచేసే తల్లులు కలిసి అడిగితే తప్ప, ఒక గదీ, ఒక ముసలమ్మా దొరకడం కష్టం. ఒక్కతే అడిగితే "రేపటి నుంచి రావద్దు" అంటారేమోనని భయం. పదిమంది అడిగితే ఆ భయం పంచుకుపోతుంది.

మోటారు సైకిలు సంగతి కూడా చెప్పుకోవాలి. సంచిలో బిడ్డను కట్టుకుని వెనక కూర్చుంటే భద్రం అనుకుంటారు. కాదు. బండి పడితే బిడ్డ మీద తల్లి పడుతుంది. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఒక నియమం ప్రకటించింది. ఏడాది తరువాత అమలుకు వచ్చింది. నాలుగేళ్ళలోపు బిడ్డను బండి మీద తీసుకెళ్తే, బిడ్డను నడిపేవారికి కలిపి కట్టే భద్రతా పట్టీ ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. మెడ నిలవని బిడ్డకు ఏ హెల్మెటూ సరిపోదు. అంత చిన్నబిడ్డను బస్సులో తీసుకెళ్ళడమే మేలు.

బిడ్డను కట్టుకోవడమే మందు అయ్యే సమయం ఒకటుంది. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఒంట్లో వేడి నిలవదు. 1978 ప్రాంతంలో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, బొగోటా నగరంలోని ఆసుపత్రిలో వేడి పెట్టెలు చాలలేదు. ఒక పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డలు. అక్కడి డాక్టరు ఎడ్గర్ రే బిడ్డలను తల్లుల రొమ్ముకే కట్టించారు. కంగారూ తన బిడ్డను పొట్ట సంచిలో పెట్టుకున్నట్టు. తల్లి చర్మం బిడ్డ చర్మానికి తగలాలి. మధ్యలో జాకెట్టు ఉండకూడదు. బిడ్డకు టోపీ, గోచీ చాలు. పైన గుడ్డ కట్టు. తల్లి ఒంటి వేడి బిడ్డకు చేరుతుంది, పాలు దగ్గరే ఉంటాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది, తక్కువ బరువు బిడ్డకు పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టాలని, రోజుకు 8 గంటల నుంచి 24 గంటల దాకా చెయ్యాలని. తల్లి అలసిపోతే తండ్రి కట్టుకోవచ్చు. అవ్వ కట్టుకోవచ్చు. బిడ్డ బరువు తక్కువని ఆసుపత్రిలో చెబితే, "కంగారూ పద్ధతి చూపించండి" అని నర్సమ్మను అడగాలి.

చివరికి ఆ అత్తా కోడళ్ళ ఇంట్లో ఏం చెయ్యాలి? పెట్టెలో పాత నూలు చీర ఉంటుంది. నైలాను వద్దు, ముడి జారుతుంది. చిరుగులు లేకుండా చూసుకోవాలి. చీరను సగానికి మడిచి, ఒక భుజం మీదుగా వేసి, రెండో పక్క తుంటి మీద జోలె వచ్చేలా చూడాలి. ముడి భుజం ముందు వైపు, కంటికి కనిపించే చోట, రెండుసార్లు వెయ్యాలి. మెడ వెనక వేస్తే మెడ ఒత్తుకుపోతుంది. భుజం మీద గుడ్డను మడత విప్పి వెడల్పుగా పరిస్తే కోసుకోదు. జోలె బిడ్డ మోకాలి గుంటల నుంచి వీపు పైదాకా రావాలి. ఈ చంక జోలె మెడ బాగా నిలిచిన బిడ్డకే. మూడు నెలల గుంటడికి ఇంకా తొందర, రొమ్ముకు నిలువుగా ఎత్తుకోవలసిందే. ఇది కూడా ఒక భుజం కట్టే కాబట్టి పక్క మార్చుకోవాలి.

మొదటిసారే బిడ్డను పెట్టకూడదు. ఐదు కిలోల బియ్యం మూట పెట్టి ఇల్లంతా తిరగాలి. కూర్చోవాలి, లేవాలి. ముడి జారిందా, జోలె సాగిందా చూడాలి. మూడు రోజులు మూటతో తిరిగాక, చాప మీద కూర్చుని, అత్త పక్కన ఉండగా బిడ్డను ఎక్కించాలి. అత్త వెనక నుంచి గుడ్డ సర్ది, బిడ్డ రెండు మోకాళ్ళూ పట్టుకుని చూస్తుంది. గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి చూస్తుంది.